గంగత్త నేర్పిన పాట

కొత్తగా చేరిన పాఠకుల కోసం వెనక జరిగింది కాస్త చెప్పుకుని ముందుకు వెళ్దాం.

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్లలోనూ ఒకే సొసైటీ వారి ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. మూడింటిలోనూ పిల్లలకు తెలుగు, ఉర్దూ రెండూ కలిపి చెప్పే తరగతులు నడిచేవి. పొద్దున ఒక భాషలో విన్న కథని మధ్యాహ్నం రెండో భాషలో పిల్లలే తిరిగి చెప్పేవారు. ఆ తరగతుల్ని పట్టుబట్టి మొదలుపెట్టించింది నగ్మా టీచర్, తెనాలిలో దర్జీ వలి పెద్ద కూతురు. ఐదేళ్ల కిందట ఒకరోజు ఆమె బాపట్ల వెళ్లి తిరిగి రాలేదు. సూర్యలంక ఒడ్డున చెప్పులు, దుపట్టా దొరికాయి. మనిషి దొరకలేదు. సముద్రం తీసుకుపోయిందన్నారు అందరూ. అక్కడికి ఎందుకు వెళ్లిందో, ఏం పనో, ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు.

ఈ జూన్‌లో సొసైటీ మూడు ఊళ్ల తరగతుల్నీ ఎత్తేసి తెనాలి బళ్లో ఒక్కచోట కలిపేసింది. బాపట్ల నుంచి ఒక బస్సు, రేపల్లె నుంచి ఒక బస్సు పిల్లల్ని తెస్తున్నాయి. ఆ తరగతుల బాధ్యత అదే బళ్లో టీచరైన నగ్మా చెల్లెలు సాదియా మీద పడింది.

పోయిన వారం ఆ బళ్లో ఒక వింత జరిగింది. రేపల్లె బస్సులో వచ్చే నాగదుర్గ, సముద్రం మీద బతికే ఇంటి పిల్ల, మూడో తరగతి. భోజనాల వేళ ఖాళీ గదిలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. గొంతు నగ్మాది. మాట చివర కొంచెం సాగదీసి ఆపడం నగ్మాది. చూపుడు వేలితో గాలిలో అక్షరం రాసి, దాన్ని పిడికిట్లో పట్టుకున్నట్టు మూసి, పిల్లల అరచేతిలో పెట్టడం, అది కూడా నగ్మాదే. గుమ్మంలోంచి చూసిన ఆయా గౌస్ బీ చేతిలో గిన్నె జారిపోయి అన్నం నేలపాలైంది.

నగ్మా కట్టిన పాట ఒకటుంది. ‘పానీ అంటే నీళ్లు, నానీ కడవలో నీళ్లు. చాంద్ అంటే జాబిలి, సందు చివర జాబిలి’ అంటూ సాగుతుంది. నానీ అంటే అమ్మమ్మ. మూడు బళ్లలోనూ పిల్లలకి నోటికి వచ్చు. అందులో ‘సూయీ అంటే సూది, దర్జీ చేతిలో సూది’ అని ఒక ముక్క ఉంది. నాగదుర్గ మాత్రం ‘అబ్బా కాలరులో సూది’ అంది. అది విని సాదియా గదిలోకి పరిగెత్తింది. ఆ మాట బళ్లో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే దుప్పటి కింద దూరి, అబ్బా అని పిలుచుకునే నాన్న గురించి చెప్పుకున్న మాట అది. ఇంటి గడప దాటలేదు.

“ఎవరు నేర్పారమ్మా నీకు?” అనడిగితే, “గంగత్త” అంది పిల్ల. గంగత్త ఎవరంటే పెదవులు బిగించేసింది. “అమ్మ చెప్పొద్దంది” అని తల వంచుకుంది.

అక్కడ ఆగాం. ఇక చదవండి.

*

శనివారం పొద్దుటికి మాట రెండు ఊళ్లు దాటింది. బాపట్ల బస్సు సగం ఖాళీగా వచ్చింది.

సెక్రటరీ కిరీటిగారు సాదియాని తన గదిలోకి పిలిపించారు. ఆయనది గట్టిగా మాట్లాడే స్వభావం కాదు. నెమ్మదిగా, అవతలివాళ్ల మేలు కోరుతున్నట్టే మాట్లాడతారు. అందుకే ఆయనకి ఎదురు చెప్పడం కష్టం.

“కూర్చోమ్మా. ఏంటిది? దెయ్యాలు పాఠాలు చెప్పే బడికి మా పిల్లల్ని పంపం అంటున్నారు బాపట్ల వాళ్లు. నేనేం చెప్పను?”

“దెయ్యం కాదండి. ఆ పిల్లకి ఎవరో నేర్పారు.”

“ఎవరు?”

“అదే కనుక్కోవాలండి.”

“చూడమ్మా,” అన్నారు కిరీటిగారు. “మూడు చోట్ల పదేసి మందితో తరగతులు ఈడ్చే కన్నా ఒక్కచోట బాగా నడుపుదామనే కదా కలిపాం. ఇక్కడ కూడా పిల్లలు రాకపోతే ఇంక నడిపి ఏం లాభం? సోమవారం పొద్దున తల్లిదండ్రుల్ని రమ్మన్నాను. వాళ్ల ముందు నువ్వు ఆ నాగదుర్గకి టీసీ ఇచ్చి పంపించేస్తున్నట్టు చెప్పు. గొడవ సద్దుమణుగుతుంది. నీ అక్క పెట్టిన తరగతులు నిలబడతాయి.”

“తప్పు చెయ్యని పిల్లని ఎలా పంపించెయ్యమంటారండి?”

“ఒక్క పిల్ల. మిగతా అందరి కోసం ఒక్క పిల్ల.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఆలోచించుకో. రెండు రోజులుంది.”

బయటికొస్తుంటే వరండా చివర గౌస్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నగ్మా చిన్నపిల్లగా ఈ బళ్లో చేరిన రోజు నుంచీ ఆమె ఇక్కడే ఆయా. తల్లి లేని అక్కచెల్లెళ్లకి తలలు దువ్వి జడలు వేసిన చెయ్యి ఆమెది.

“బేటీ, ఆ పిల్లని ఏమీ అనకు,” అంది గుసగుసగా. “ఆ పిల్లలో ఉన్నది మన నగ్మాయే. ఇన్నాళ్లూ చోటు దొరక్క తిరిగి తిరిగి, తన బడికి తను వచ్చేసింది.”

సాదియా ఆమెని కోప్పడాలనుకుంది. ఆమె చెయ్యి నొక్కి మాత్రం ముందుకు కదిలింది. తరగతి గదుల ముందు నుంచి నడుస్తుంటే, పిల్లలెవరూ లేని గదిలోంచి ఎవరో సన్నగా దగ్గినట్టయింది. ఆగి చూస్తే బెంచీలే ఉన్నాయి. ఇదే వరస వారం రోజులుగా. బోర్డు మీద తను రాసిన అక్షరం తన దస్తూరీలా కనిపించదు. వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుంటుంది. తిరిగి చూడాలంటే భయం. చూడకుండా ఉండాలన్నా భయమే.

ఇంటికెళ్లేసరికి వలి మిషన్ మీద ఉన్నాడు. కూతురు వచ్చిన అలికిడికి కాలు ఆపాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూలోనే.

“అబ్బా, రేపు రేపల్లె వెళ్తున్నాను. అక్కడి నుంచి ఆ పిల్ల వాళ్ల ఊరికి.”

వలి గుడ్డ మీది సూదిని తీసి, ఎప్పటిలాగే చొక్కా కాలరులో గుచ్చుకున్నాడు. పెద్ద కూతురు పోయిందన్న మాట ఆయన ఇంతవరకూ ఎవరినీ తన ముందు అననివ్వలేదు. నమాజులు అయ్యాక చుట్టాలు ఓదార్చబోతే లేచి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు మాత్రం, “ఆ పిల్లని ఒకసారి నా దగ్గరికి తీసుకురా,” అన్నాడు. “దెయ్యమైతే ఏం? గొంతు మా నగ్మాదే కదా. ఒక్కసారి వింటాను.”

*

ఆదివారం పొద్దున రేపల్లె పాసింజర్లో జనం పల్చగానే ఉన్నారు. జంపని దాటాక రెండు వైపులా పొలాలు నాట్ల ముందు దమ్ముకి సిద్ధమై, నిండా నీళ్లతో ఆకాశాన్ని మోస్తున్నాయి. ఎదుటి సీట్లో ఖాళీ చేపల గంపలు పెట్టుకున్న ఆడవాళ్లు కునుకు తీస్తున్నారు.

సాదియాకి నిద్ర రాలేదు. ఈ తరగతులు మూడు చోట్లా ఉండాలని నగ్మా ఎంత కొట్లాడిందో గుర్తొచ్చింది. “బడి పిల్ల దగ్గరికి వెళ్లాలిగానీ, ఆరేళ్ల పిల్ల బడి కోసం ఊళ్లు దాటడమేంటి సాదియా?” అనేది. ఆమె ఉండగా ఈ కలపడం మాటెత్తడానికి సొసైటీ జంకేది. ఆమె లేదు కాబట్టే కలిపేశారు. కలిపారు కాబట్టే ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న పిల్ల తెనాలి దాకా వచ్చి ఆ పాట పాడింది. అక్క ఒప్పుకోని పని జరగబట్టే అక్క గొంతు మళ్లీ వినిపించింది. ఎవరో కావాలనే దారి మళ్లించి తనని ఇటు లాక్కుపోతున్నట్టనిపించింది.

రేపల్లెలో దిగి నిజాంపట్నం బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో. నాగదుర్గ వారంలో ఐదారు రోజులు రేపల్లెలో చేపలమ్మే మేనత్త దగ్గర ఉంటుంది, సెలవు రోజున ఇంటికొస్తుంది. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడచెట్ల వెనక, పాతిక గడపల పల్లె. ఆటో దిగగానే ఎండు చేపల వాసన ముఖానికి కొట్టింది. పరదాల మీద చేపలు ఆరబోసి ఉన్నాయి. కాకుల్ని తోలుతూ ఒకామె కర్రతో తిరుగుతోంది.

ఆమే రత్తాలు. నాగదుర్గ తల్లి. బళ్లో చేర్పించిన రోజున ఒక్కసారి చూసింది సాదియా. ఈమెని చూడగానే రత్తాలు చేతిలో కర్ర కిందికి దిగింది.

“టీచరమ్మా! ఏంటండీ ఆదివారం పూట ఇంత దూరం? మా పిల్లేమన్నా చేసిందా?”

“ఏమీ చెయ్యలేదమ్మా. మీతో మాట్లాడదామని వచ్చాను.”

“మా ఆయన లేడండి, వేటకెళ్లాడు. ఆయనొచ్చాక నేనే పిల్లతో కబురు పంపిస్తాను. ఎండలో ఎందుకు, మళ్లీ బస్సు పోద్ది మీకు.”

రమ్మనలేదు, కూర్చోమనలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు. ఈ వైపు పల్లెల్లో ఇంటి ముందుకొచ్చిన మనిషికి నీళ్లివ్వకపోవడం ఉండదు. సాదియాకి అదే ముందుగా తట్టింది.

“గంగత్త ఎవరు రత్తాలమ్మా?”

రత్తాలు ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మరుక్షణంలో సర్దుకుంది.

“గంగత్తా? మా ఆడబిడ్డ తోడికోడలండి. ఆ మధ్య వచ్చి నాలుగు రోజులుండి పోయింది. పిల్ల ఏదో వాగుద్ది, మీరేం పట్టించుకోకండి.”

“మీ ఆడబిడ్డ తోడికోడలికి ఉర్దూ వచ్చా?”

“మాకు తెలీదండి అవన్నీ.”

“నాగదుర్గ బళ్లో చేరకముందే ఉర్దూ మాటలు మాట్లాడేదట. రేపల్లె బళ్లో టీచరు ఫరూక్ సార్ చెప్పారు. హార్బర్లో ఎవరి దగ్గరో విని ఉంటుందనుకున్నారు. అది కాదని నాకిప్పుడు తెలుసు.” సాదియా ఒక అడుగు ముందుకు వేసింది. “రేపు నలుగురిలో మీ పిల్లకి దెయ్యం పట్టిందని చెప్పి బళ్లోంచి తీసెయ్యమంటున్నారు నన్ను. ఆ పిల్ల ఇంక ఏ బడికెళ్లినా ఆ మాట వెంట వస్తుంది. నిజం ఏంటో చెప్పండి. మీ పిల్ల కోసమే అడుగుతున్నాను.”

రత్తాలు చూపు ఒక్కసారి ఇంటి వెనక్కి పోయి వచ్చింది. అంతే. ఆ చూపు చాలు.

అప్పుడే వినిపించింది.

ఇంటి వెనక నుంచి, గాలి ఆగినప్పుడల్లా తేటగా, గాలి వీచినప్పుడల్లా చెదిరిపోతూ, ఒక ఆడగొంతు. ‘చాంద్ అంటే జాబిలి, సందు చివర జాబిలి.’ చివరి అక్షరం కొంచెం సాగి ఆగింది. ఈసారి అది పిల్ల గొంతు కాదు.

“టీచరమ్మా, వద్దండి,” అని రత్తాలు చెయ్యి పట్టుకోబోయింది. సాదియా అప్పటికే ఇంటి పక్క సందులో ఉంది. కాళ్లు తనవి కానట్టున్నాయి. చనిపోయిన మనిషి గొంతు వైపు నడవడం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పగా వినలేదామె. భయం ఎక్కడో వెనకే నిలబడిపోయింది. ముందుకు నడుస్తున్నది తనలోని చిన్నపిల్ల, అక్క పిలిస్తే పరిగెత్తే ఏడేళ్ల పిల్ల.

వెనక తాటాకుల పంచ ఉంది. అందులో నీలం వల కుప్పగా పోసి ఉంది. ఆ వల మధ్య ఒకామె కూర్చుని చిరుగులు అల్లుతోంది. రత్తాలుదే కాబోలు, వెలిసిన చీర. జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది, సగం నెరిసింది. ఎడమ చెవి పైన తెల్లగా మచ్చ, వెంట్రుక మొలవని బెత్తెడు మేర. పక్కన చాప మీద నాగదుర్గ బోర్లా పడుకుని వింటోంది.

పిల్ల ముందు చూసింది. “టీచర్!” అని లేచి కూర్చుంది.

వల అల్లుతున్నామె తలెత్తింది.

నగ్మా.

ఎండకి కమిలిపోయి, బుగ్గలు లోపలికి పోయి, ఐదేళ్లలో పదిహేనేళ్లు మీద పడ్డట్టున్నా, నగ్మాయే. సాదియా ఎప్పుడూ అక్కని పిలిచినట్టే “ఆపా” అన్నాననుకుంది. శబ్దం రాలేదు. రెండోసారి వచ్చింది.

“ఆపా!”

నగ్మా మర్యాదగా చూసింది. ఊరికి కొత్తగా వచ్చిన ఎవరినో చూసినట్టు. తర్వాత మళ్లీ వల వైపు తిరిగి దారం లాగి ముడి వేసింది.

దెయ్యమే అయితే ఇంత నొప్పి ఉండేది కాదు.

*

రత్తాలు వెనకే వచ్చి పంచ గుంజ పట్టుకుని నిలబడింది. దాచడానికి ఇంకేమీ లేని మనిషి గొంతుతో చెప్పుకొచ్చింది.

“సూర్యలంక అవతల వల లాగుతుంటే మా ఆయనకి నీళ్ల మీద డ్రమ్ము కనపడిందంటండి. ఈమె దాన్ని కరుచుకుని ఉందంట. చెవి పైన ఇంత పగులు. బతుకుద్దని ఎవరం అనుకోలేదు. ఇక్కడికి తెచ్చాక డాక్టరు జుట్టు తీసేసి కుట్లేశాడు. మర్నాడు కళ్లు తెరిచి ‘పానీ అంటే నీళ్లు’ అంది. నవ్వాలో ఏడవాలో తెలీలా మాకు. నీళ్లిస్తే గడగడా తాగేసింది. అప్పుడర్థమైంది, దాహమేస్తోందని.”

“ఇంకేమీ మాట్లాడలేదా?”

“లేదండి. ఇప్పటిదాకా అంతే. ఆ పాటలో ముక్కలే ఆమె మాటలు. ఆకలేస్తే ‘రోటీ అంటే రొట్టె’ అంటది. పొద్దుగూకితే ‘చాంద్ అంటే జాబిలి’ అంటది. పేరేంటమ్మా నీది అని ఎన్నిసార్లడిగామో. అడిగినప్పుడల్లా పాట మొదట్నించి చివరిదాకా చెప్పేది. గంగమ్మతల్లి ఇచ్చింది కదా అని మేమే గంగ అన్నాం.”

సాదియా వల పక్కన కూర్చుంది. అక్కకి మూరెడు దూరంలో. మెడ మీద పుట్టుమచ్చ అలాగే ఉంది. వేళ్లు కూడా అవే. దర్జీ కూతురి వేళ్లు, దారం దొరికితే ఊరుకోని వేళ్లు. ఆ వేళ్లు పట్టుకోవాలని ఉంది. బెదిరిపోతుందేమోనని భయం.

ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తోచక, చివరికి పాటే అందుకుంది. మెల్లిగా మొదలుపెట్టింది. పానీ అయింది. చాంద్ అయింది. నగ్మా చేతులు నెమ్మదించాయి.

“సూయీ అంటే సూది,” అంది సాదియా. ఒక్క క్షణం ఆగి, బళ్లో చెప్పినట్టే, “దర్జీ చేతిలో సూది” అంది.

నగ్మా తల అడ్డంగా ఊపింది. తప్పు చెప్పిన పిల్లని చూసి టీచర్ నవ్వినట్టు, విసుగు లేకుండా నవ్వింది. వల వదిలి చెయ్యి చాపి, సాదియా మెడ దగ్గర డ్రెస్సు అంచుని రెండు వేళ్లతో పట్టుకుంది.

“అబ్బా కాలరులో,” అంది. “అబ్బా కాలరులో సూది.”

సాదియా ఆ చేతిని అలాగే తన రెండు చేతులతో కప్పి ఏడ్చింది. ఐదేళ్లుగా చెప్పులు, దుపట్టా తప్ప ఏడవడానికి ఏమీ లేని ఏడుపు అది. నగ్మా కంగారు పడలేదు. ఎవరో తెలియని ఈ అమ్మాయి ఎందుకు ఏడుస్తోందో అర్థం కాక, రెండో చేత్తో ఆమె తల నిమురుతూ కూర్చుంది.

ఏడుపు తీరాక వచ్చింది కోపం.

“ఐదేళ్లు!” అని లేచింది సాదియా. “మా నాన్న రోజూ గుమ్మం వైపు చూస్తూ కుట్టుపని చేసుకుంటాడు. పోలీసులు ఒడ్డంతా గాలించారు. పేపర్లలో ఫొటో వేశారు. మీరొక్కసారి స్టేషనుకి వెళ్లి చెప్పలేకపోయారా?”

“మా ఆయన పోదామన్నాడండి.” రత్తాలు తల ఎత్తలేదు. “నేనే వద్దన్నాను.”

“ఎందుకు?”

“పిల్ల మాట్లాడేది కాదు. ఎవరెత్తుకున్నా కేకలు పెట్టేది, మాట మాత్రం వచ్చేది కాదు. ఈమె పక్కన పడుకుని ఆ పాట విని విని, ఏడాది తిరిగాక నోరు విప్పింది. ‘పానీ’ అంది ముందు. తర్వాతే ‘అమ్మ’ అంది నన్ను.” రత్తాలు కళ్లు తుడుచుకోలేదు, కారుతుంటే కారనిచ్చింది. “ఈమెని తీసుకుపోతే పిల్ల మళ్లీ మూగదైపోద్దని భయమండి నాకు.”

“మా బళ్లో మా అక్క ఫొటో ఉంది. హాల్లో. మీ పిల్ల రోజూ దాని ముందు నుంచే వెళ్తుంది.”

“మొదటి రోజే వచ్చి చెప్పింది. అమ్మా, గంగత్త ఫొటో ఉంది మా బళ్లో అని. చెప్తే కొడతానన్నాను. మూడు బళ్లూ కలిపేసి తెనాలి పంపిస్తామన్నప్పుడే మాన్పించేద్దామనుకున్నాను. పిల్ల ఒకటే ఏడుపు, బడి బడి అని. ఇన్నాళ్లకి నోరొచ్చిన పిల్లని ఎలా ఆపనండి?”

సాదియాకి ఆమెని తిట్టాలనీ ఉంది, కాళ్ల మీద పడాలనీ ఉంది. అక్కని దాచింది ఈమే. చావనివ్వకుండా కాపాడిందీ ఈమే. ఐదేళ్ల పాటు ఏ బంధమూ లేని మనిషికి అన్నం పెట్టి, కట్టుకోను చీరిచ్చి, గాయం కడిగింది. రేపు సోమవారం తల్లిదండ్రుల ముందు అక్క చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్తే, దెయ్యం మాటా ఉండదు, టీసీ మాటా ఉండదు. అబ్బా... అబ్బాని తలుచుకునేసరికి ఇక ఆగలేకపోయింది.

“నేను ఆపాని తీసుకెళ్తున్నాను,” అంది. “ఇవాళే. మీ మీద ఎవరికీ ఒక్క మాట కూడా రానివ్వను, నా మాట నమ్మండి. నాగదుర్గ రోజూ బళ్లో చూస్తుంది, కావలిస్తే మా ఇంట్లోనే ఉంటుంది. మీ పిల్లని మీ నుంచి ఎవరూ తీసుకోరు.”

ఆ చివరి మాటకి రత్తాలు ఉలిక్కిపడింది. గుంజ పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది.

సాదియా దాన్ని గమనించలేదు. వంగి, నగ్మా భుజాల కింద చెయ్యి వేసి లేపింది. “రా ఆపా. ఇంటికెళ్దాం. ఘర్ చలో.”

నగ్మా లేచింది. రెండడుగులు వేసింది. పంచ దాటి ఎండలోకి రాగానే, మొగ వైపు నుంచి అల విరిగిన చప్పుడు గట్టిగా వినపడింది. ఆమె ఒళ్లు ఒక్కసారిగా కొయ్యబారింది. గిరుక్కున వెనక్కి తిరిగి చాప వైపు చూసింది. కళ్లలో ఇంతసేపూ ఉన్న ప్రశాంతత పోయింది. దాని చోట మహా భయం. సాదియా చేతిని విదిలించుకుని, వల తొక్కుకుంటూ పరిగెత్తి, నాగదుర్గ మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. పిల్లకి నొప్పి పుట్టేంత గట్టిగా.

పెదవులు కదిలాయి. పాట వస్తుందనుకున్నారు అందరూ.

పాట రాలేదు.

“సారా,” అంది నగ్మా.

రత్తాలు నోటి నుంచి చిన్న కేక వచ్చింది. ఐదేళ్లలో నగ్మా నోట పాటలో లేని మాట అదే మొదటిది.

“సారా... చెయ్యి వదలకు. చెయ్యి వదలకు సారా.”

సాదియా ఆ పేరు ఎప్పుడూ వినలేదు. చుట్టాల్లో లేదు, ఇరుగు పొరుగులో లేదు, మూడు బళ్లలో తనకు తెలిసినంతలో ఎక్కడా లేదు. అయోమయంగా పిల్ల వైపు చూసింది. నాగదుర్గ భయపడలేదు. చెయ్యి లాక్కోలేదు. అది తన పేరే అయినట్టు, ఎప్పటి నుంచో ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు, ముఖం పైకెత్తి, “ఆ!” అని పలికింది.

పలికాక తనే ఆశ్చర్యపోయింది. “అమ్మా, నన్ను అలా ఎందుకు పిలిచింది? నేనెందుకు పలికాను?”

రత్తాలు గుంజ వెంట జారి ఇసకలో కూలబడింది. పిల్లని చూడలేక, నగ్మాని చూడలేక, చివరికి సాదియా కాళ్ల వైపు చూస్తూ చెప్పింది.

“టీచరమ్మా... ఆ రోజు మా ఆయన నీళ్లలోంచి పడవలోకి లాగింది ఒక్కర్ని కాదండి.”